వెబ్‌సైట్ చేయించారు సరే.. డొమైన్ ఎవరి పేరు మీద ఉంది? బిల్లులో కనిపించే ఆ మాటలకు అసలు అర్థాలివే

షాపుకు వెబ్‌సైట్ చేయించుకుంటే చేతికొచ్చే బిల్లు ఒకటే. అందులో డొమైన్, హోస్టింగ్, ఎస్ఎస్ఎల్, ఎస్ఈఓ, ఏఎంసీ అని నాలుగైదు లైన్లు.. కింద ఒక టోటల్. చాలామంది ఆ టోటల్ ఒక్కటే చూస్తారు. ఓ వెయ్యి తగ్గించమని అడిగి, ఫోన్‌లోంచే డబ్బులు కొట్టేస్తారు. "సార్, మీకెందుకు టెన్షన్.. అన్నీ మేమే చూసుకుంటాం" అని అవతలివాళ్లు అంటే ఇంకా సంతోషం.

కానీ ఆ లైన్లన్నీ ఒకే రకం సరుకు కాదు. ఒకటి నెలవారీ అద్దె లాంటిది. ఒకటి చాలాచోట్ల ఉచితంగానే దొరుకుతుంది. ఒకదానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. ఒకటి మాత్రం చేజారితే మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఏది ఏంటో తెలియకపోతే బేరం ఆడాల్సిన చోట ఆడం, జాగ్రత్త పడాల్సిన చోట పడం. ఇంతకీ ఆ మాటలేంటో, వాటి వెనక ఏముందో చూద్దాం.

కొన్నామంటాం.. నిజానికి లీజు

మీది గుంటూరులో పచ్చళ్లు, పొడుల వ్యాపారం అనుకుందాం. డబ్బా లేబుల్ మీద, విజిటింగ్ కార్డు మీద చివర డాట్ కామ్ అనో, డాట్ ఇన్ అనో ఒక పేరు అచ్చు వేయిస్తారే, అదే డొమైన్. ప్రపంచంలో మొట్టమొదటి డాట్ కామ్ పేరు 1985 మార్చి 15న రిజిస్టర్ అయింది. సింబాలిక్స్ డాట్ కామ్ అని, అమెరికాలోని ఒక కంప్యూటర్ల కంపెనీది. అప్పటికీ ఇప్పటికీ రూల్ ఒకటే. ఒక పేరు ఒకరికే.

"డొమైన్ కొన్నాం" అని అందరం అంటాం గానీ, శాశ్వతంగా కొనడం ఎవరికీ కుదరదు. ఏడాదికోసారి కట్టాలి. డాట్ కామ్‌కైతే గరిష్ఠంగా 10 ఏళ్లకు ఒకేసారి కట్టుకోవచ్చు. లీజుకు తీసుకున్న షాపు లెక్కే. ట్రేడ్‌మార్క్ గొడవల్లాంటివి లేకుండా, సమయానికి కడుతూ ఉంటే ఖాళీ చేయమనేవాళ్లు ఉండరు. మామూలు డాట్ కామ్ పేరుకు ఏడాదికి అయ్యేది వెయ్యి రూపాయల పైచిలుకు. మొదటి ఏడాది ఆఫర్‌లో చాలా తక్కువకు ఇచ్చి, రెండో ఏడాది నుంచి అసలు రేటు వేయడం ఈ వ్యాపారంలో మామూలే. కాబట్టి అడగాల్సింది మొదటి ఏడాది రేటు కంటే ముందు రెన్యువల్ రేటు.

ఇక్కడే మూడు మాటలు ఒకేలా వినిపించి తికమక పెడతాయి. రిజిస్ట్రీ అంటే పేర్ల చిట్టా మొత్తం దగ్గర పెట్టుకునే సంస్థ. డాట్ కామ్ చిట్టా అమెరికాలోని వెరిసైన్ అనే కంపెనీ చూస్తుంది. మన డాట్ ఇన్ చిట్టా నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా, అంటే నిక్సీ చేతిలో ఉంటుంది. తెలుగు లిపిలోనే డాట్ భారత్ అని పెట్టుకునే వీలు కూడా నిక్సీయే ఇస్తోంది. రిజిస్ట్రార్ అంటే ఆ చిట్టాలో మీ పేరు ఎక్కించే అనుమతి ఉన్న కంపెనీ. రిజిస్ట్రెంట్ అంటే ఆ పేరు ఎవరి సొంతమని చిట్టాలో రాసి ఉందో వాళ్లు.

ఈ మూడో మాట దగ్గరే వ్యాపారులు దెబ్బతింటున్నారు. వెబ్‌సైట్ చేసే కుర్రాడు తన అకౌంట్‌లో, తన మెయిల్ ఐడీతో, తన పేరు మీదే డొమైన్ తీసుకుంటాడు. చాలాసార్లు అందులో దురుద్దేశం ఏమీ ఉండదు. అతనికి అదే సులువు, పది మంది క్లయింట్లవి ఒకే లాగిన్‌లో ఉంటాయి. రెండేళ్ల తర్వాత అతనికి ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోతాడు. ఫోన్ నంబర్ మారుతుంది. రెన్యువల్ చేయమని రిజిస్ట్రార్ పంపే మెయిళ్లన్నీ అతని పాత ఇన్‌బాక్స్‌లో పడుతుంటాయి. డబ్బులు మీవి, బ్రాండ్ మీది, పచ్చడి మీది. చిట్టాలో పేరు మాత్రం అతనిది. రిజిస్ట్రార్‌కు ఫోన్ చేస్తే "అకౌంట్ హోల్డర్ మాట్లాడాలి సార్" అంటారు. వాళ్ల వైపు నుంచి చూస్తే అది తప్పు కూడా కాదు.

అందుకే పని మొదలుపెట్టేటప్పుడే ఒక్క మాట అనేయాలి. "తమ్ముడూ, డొమైన్ నా పేరు మీద, నా మెయిల్‌తో, నా కార్డుతో తీసుకుందాం. నువ్వు పక్కన కూర్చుని చేసిపెట్టు." పని తెలిసినవాళ్లెవరూ దీనికి కాదనరు. ఇప్పటికే వేరేవాళ్ల పేరు మీద ఉంటే, సంబంధాలు బాగున్నప్పుడే మార్పించుకోవడం మేలు.

ఎవరి దగ్గర ఉందో కూడా తెలియదా? ఐకాన్ అని పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే అంతర్జాతీయ సంస్థ ఉంది. దాని లుకప్ పేజీలో డాట్ కామ్ పేరు కొడితే రిజిస్ట్రార్ ఎవరు, గడువు ఎప్పుడు అన్నది కనిపిస్తుంది. దీన్నే వాడుకలో హూ-ఈజ్ అంటారు. ఓనర్ పేరు మాత్రం ప్రైవసీ కారణాలతో ఎక్కువగా దాచేసి ఉంటుంది. కాబట్టి ఆ పేజీలో మీ పేరు కనిపించలేదని కంగారు పడొద్దు. రిజిస్ట్రార్ అకౌంట్‌లోకి మీ మెయిల్‌తో లాగిన్ అవగలుగుతున్నారా, అసలు ప్రశ్న అదీ.

అన్నట్టు, చివర డాట్ టీవీ అని ఉండే పేర్లు టెలివిజన్ కోసం పుట్టినవి కావు. పసిఫిక్ సముద్రంలో ఉన్న తువాలు అనే చిన్న దీవుల దేశానికి కేటాయించిన అక్షరాలవి. మన దేశానికి ఇన్ ఎలాగో, వాళ్లకు టీవీ అలాగ. ఆ రెండు అక్షరాల మీద వచ్చే ఫీజు ఆ దేశ ఖజానాకు చెప్పుకోదగ్గ ఆదాయం. ఇప్పుడు అందరూ ఎగబడుతున్న డాట్ ఏఐ కూడా అంతే, అది కరీబియన్‌లోని ఆంగ్విల్లా దీవిది.

గడువు మర్చిపోతే..? మైక్రోసాఫ్ట్‌కే తప్పలేదు

1999 డిసెంబర్‌లో, సరిగ్గా క్రిస్మస్ సమయంలో హాట్‌మెయిల్ వాడేవాళ్లకు లాగిన్ ఇబ్బందులు మొదలయ్యాయి. కారణం తెలిస్తే నవ్వొస్తుంది. లాగిన్ కోసం మైక్రోసాఫ్ట్ వాడుతున్న పాస్‌పోర్ట్ డాట్ కామ్ అనే పేరుకు ఫీజు కట్టడం మర్చిపోయారు. మైకేల్ చేనీ అనే ప్రోగ్రామర్ సంగతి కనిపెట్టి, తన జేబులోంచి 35 డాలర్లు కట్టేశాడు. సమస్య తీరింది. కట్టింది ఎవరో పుణ్యాత్ముడు కాబట్టి సరిపోయింది.

ఇంకొకటి మనవాడి కథ. 2015 సెప్టెంబర్‌లో గుజరాత్‌లోని కచ్ ప్రాంతానికి చెందిన సన్మయ్ వేద్, అమెరికాలో ఉంటూ ఒక రాత్రి గూగుల్ డొమైన్ల పేజీలో సరదాగా గూగుల్ డాట్ కామ్ అని వెతికాడు. అందుబాటులో ఉందని చూపించింది. 12 డాలర్లు కట్టాడు. కార్డు నుంచి డబ్బు పోయింది, పేరు అతని అకౌంట్‌లోకి వచ్చింది. సుమారు ఒక నిమిషం పాటు అది అతనిదే. తర్వాత గూగుల్ ఆ ఆర్డర్ రద్దు చేసి, బహుమతిగా 6,006 డాలర్ల 13 సెంట్లు ఇచ్చింది. ఇంగ్లిష్ అక్షరాల్లో గూగుల్ అని రాసినట్టు కనిపించే అంకెలవి. అతను ఆ డబ్బు విరాళంగా ఇస్తానంటే కంపెనీ దాన్ని రెట్టింపు చేసింది.

పచ్చళ్ల షాపు విషయంలో అన్నీ ఇంత సుఖాంతం కావు. డాట్ కామ్ పేరు గడువు దాటితే ఏమవుతుందంటే.. ముందు వెబ్‌సైట్, మెయిళ్లు ఆగిపోతాయి. ఆ తర్వాత రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల వరకు మామూలు ఫీజుతోనే తిరిగి తీసుకునే అవకాశం ఉండొచ్చు. కొందరు అంత సమయం ఇవ్వరు, ఈలోపే వేలానికి పెట్టేస్తారు. పేరు డిలీట్ అయ్యాక రిడెంప్షన్ అని ఇంకో 30 రోజులు ఉంటుంది. అప్పుడు తిరిగి తెచ్చుకోవాలంటే మామూలు ఫీజుకు ఎన్నో రెట్లు వేస్తారు. చివర్లో ఓ 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు. ఆ తర్వాత పేరు బజార్లో పడుతుంది.

బజార్లో పడ్డ పేర్ల కోసమే కాచుకుని కూర్చునేవాళ్లున్నారు. మీ పాత కస్టమర్లు ఇంకా ఆ అడ్రస్ కొడుతూనే ఉంటారు కదా.. ఆ రాకపోకలే వాళ్లకు సరుకు. నిన్నటిదాకా ఆవకాయ ఫొటో ఉన్న చోట రేపు బెట్టింగ్ యాడ్ ప్రత్యక్షమవుతుంది. లేబుల్ మీద అచ్చు వేయించిన పేరు అలాగే ఉంటుంది.

ఆటో-రెన్యువల్ ఆన్ చేసుకోండి. అయితే అది ఒక్కటే చాలదు. కార్డు గడువు తీరిపోతే ఆటో-రెన్యువల్ కూడా పనిచేయదు. మన దేశంలో ఆన్‌లైన్ ఆటో పేమెంట్లకు ముందస్తు అనుమతి లేకపోతే బ్యాంకు ఒప్పుకోదు. గడువు తేదీకి నెల ముందు ఫోన్ క్యాలెండర్‌లో ఒక రిమైండర్ పెట్టుకోవడం పాత పద్ధతే అయినా గట్టిది.

డీఎన్ఎస్.. ఒక్క లైన్ పోతే మెయిళ్లు బంద్

కంప్యూటర్లకు పేర్లతో పనిలేదు. వాటికి కావాల్సింది నంబర్లు. ఇంటర్నెట్‌కు కలిపిన ప్రతి సర్వర్‌కూ ఐపీ అడ్రస్ అనే నంబర్ ఉంటుంది. మీ ఫోన్ కాంటాక్ట్స్‌లో "పెద్దమ్మ" అని నొక్కితే నంబర్ తనంతట తానే డయల్ అవుతుంది చూడండి. డొమైన్ పేరు కొట్టగానే దాని వెనకున్న నంబర్ వెతికి ఇచ్చే వ్యవస్థే డీఎన్ఎస్. 1983లో పాల్ మొకపెట్రిస్ దీన్ని రూపొందించాడు. అంతకుముందు నంబర్లన్నీ ఒకే ఫైల్‌లో రాసి, అందరూ దాన్నే కాపీ చేసుకునేవారు.

ఈ వ్యవస్థ కాసేపు ఆగితే ఎలా ఉంటుందో 2021 అక్టోబర్ 4 రాత్రి మనమంతా చూశాం. వాట్సప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒకేసారి సుమారు ఆరు గంటలు మూగబోయాయి. మెయింటెనెన్స్‌లో జరిగిన పొరపాటుతో ఆ కంపెనీ డేటా సెంటర్ల మధ్య లింకు తెగింది. దాంతో అక్కడి డీఎన్ఎస్ సర్వర్లు బయటి ఇంటర్నెట్‌కు కనిపించకుండా పోయాయి. డేటా ఎక్కడికీ పోలేదు, అడ్రస్ చెప్పే దిక్కే లేకుండా పోయింది.

మీ వ్యాపారానికి దీంతో ఏం పని అంటారా? డీఎన్ఎస్‌లో మీ పేరు కింద కొన్ని లైన్లు రాసి ఉంటాయి. వాటినే రికార్డులు అంటారు. వెబ్‌సైట్ ఏ సర్వర్‌లో ఉందో చెప్పేది ఏ రికార్డు. మీ మెయిళ్లు ఎక్కడికి వెళ్లాలో చెప్పేది ఎంఎక్స్ రికార్డు. ఈ లైన్లన్నీ ఏ కంపెనీ దగ్గర రాసి ఉన్నాయో చెప్పేవి నేమ్‌సర్వర్లు.

డిజైనర్‌ను మార్చినప్పుడు జరిగే తలనొప్పి ఎక్కువగా ఇక్కడిదే. కొత్తాయన వచ్చి నేమ్‌సర్వర్లు మారుస్తాడు. వెబ్‌సైట్ కొత్త రూపంలో తళతళలాడుతూ వస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. నాలుగో రోజున అకౌంటెంట్ వచ్చి "అయ్యా, సోమవారం నుంచి ఒక్క ఆర్డర్ మెయిల్ కూడా రాలేదండీ" అంటాడు. పాత చోట ఉన్న ఎంఎక్స్ లైన్ కొత్త చోట రాయడం మర్చిపోయారు, అంతే. సైట్ మార్చే ముందు పాత రికార్డులన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే ఐదు నిమిషాల్లో సరిచేసుకోవచ్చు. అవి లేకపోతే పాతాయన కాళ్లావేళ్లా పడాలి.

మార్పు చేశాక "24 గంటలు పడుతుంది సార్, ప్రాపగేషన్" అంటారు. అది సాకు కాదు. పాత నంబర్‌ను రకరకాల సర్వర్లు కొంతసేపు గుర్తుపెట్టుకుంటాయి. అందుకే మీ ఫోన్‌లో కొత్త సైట్, మీ బావగారి ఫోన్‌లో పాత సైట్ కనిపించొచ్చు. కానీ మూడు నాలుగు రోజులు దాటినా ఇదే మాట చెబుతుంటే మాత్రం అది సాకే.

హోస్టింగ్.. అన్‌లిమిటెడ్ అన్న మాటకు లిమిట్ ఉంటుంది

డొమైన్ షాపు పేరైతే, హోస్టింగ్ ఆ షాపు ఉన్న గది. మీ ఫొటోలు, రేట్లు, పేజీలు ఏదో ఒక కంప్యూటర్‌లో ఉండాలి కదా, ఆ స్థలానికి కట్టే అద్దె ఇది. షేర్డ్ హోస్టింగ్ అంటే ఒకే సర్వర్‌లో వందల వెబ్‌సైట్లు. చవక. పక్క గదిలో పెళ్లి హడావుడి ఉంటే మీ గదిలో నీళ్లు సన్నగా వచ్చినట్టు, పక్క సైట్‌కు జనం ఎగబడితే మీది నెమ్మదించవచ్చు. వీపీఎస్ అంటే అదే సర్వర్‌లో మీకంటూ విడిగా వాటా రాసిచ్చిన భాగం. క్లౌడ్ అంటే అవసరాన్ని బట్టి పెంచుకుని, తగ్గించుకునే ఏర్పాటు. ఫోన్ నంబర్, మ్యాపు, పాతిక ఫొటోలు ఉన్న సైట్‌కు షేర్డ్ హోస్టింగ్ ధారాళంగా సరిపోతుంది. దానికి నెలకు వేలల్లో క్లౌడ్ ప్లాన్ అంటగడితే ఎందుకని అడగండి.

"అన్‌లిమిటెడ్ స్పేస్, అన్‌లిమిటెడ్ బ్యాండ్‌విడ్త్" అని ప్రకటనలు ఉంటాయి. బ్యాండ్‌విడ్త్ అని వీళ్లు అనేది నెలలో మీ సైట్ నుంచి ఎంత డేటా బయటకు వెళ్లొచ్చన్న లెక్క. 2 ఎంబీ ఉన్న పేజీని నెలలో 10 వేల సార్లు తెరిస్తే 20 జీబీ. అన్‌లిమిటెడ్ ప్లాన్ల నిబంధనల్లో "సముచిత వినియోగం" అనే అర్థం వచ్చే ఒక క్లాజు, ఫైళ్ల సంఖ్య మీద ఒక పరిమితి దాదాపు ఎప్పుడూ ఉంటాయి. టిఫిన్ సెంటర్‌లో అన్‌లిమిటెడ్ సాంబార్ లాంటిది.. బకెట్ తీసుకెళ్తే ఊరుకోరు.

అసలు అడగాల్సింది బ్యాకప్ గురించి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే పెద్ద హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్‌లో మంటలు లేచాయి. ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. లక్షల వెబ్‌సైట్లు ఆగిపోయాయి. వేరే చోట బ్యాకప్ లేని కస్టమర్లలో కొందరి డేటా మళ్లీ రాలేదు. బ్యాకప్ ఉందనుకున్న కొందరిది కూడా పోయింది, ఎందుకంటే ఆ కాపీ అదే ప్రాంగణంలో ఉంది.

"బ్యాకప్ ఉంది సార్" అన్న జవాబుతో సరిపెట్టుకోకుండా ఇంకో రెండు ప్రశ్నలు వేయాలి. ఎక్కడ ఉంది? చివరిసారి దాన్నుంచి సైట్‌ను తిరిగి తెచ్చి చూసింది ఎప్పుడు? నెలకోసారి మొత్తం సైట్ ఫైల్‌గా దింపి మీ పెన్‌డ్రైవ్‌లోనో, మీ సొంత డ్రైవ్ అకౌంట్‌లోనో పెట్టమనండి. పావుగంట పని.

ఏఎంసీ పేరుతో తీసుకునే డబ్బుకు లెక్క కూడా ఇక్కడే అడగాలి. చాలా సైట్లు వర్డ్‌ప్రెస్ మీద నడుస్తున్నాయి. అది 2003లో వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్. దానికి తగిలించే చిన్న చిన్న సాఫ్ట్‌వేర్ ముక్కలే ప్లగిన్లు. వాటిని అప్‌డేట్ చేయకుండా వదిలేస్తే హ్యాకర్లకు తలుపు తీసిపెట్టినట్టే. ఏఎంసీ అంటే ఈ అప్‌డేట్లు, బ్యాకప్‌లు, చిన్న చిన్న మార్పులు. ఏడాదికోసారి దీపావళి బ్యానర్ పెట్టడం ఒక్కటే అయితే దాన్ని మెయింటెనెన్స్ అనలేం.

తాళం గుర్తుంది కదా అని నమ్మొచ్చా?

ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ అంటే మీ కస్టమర్ ఫోన్‌కీ, మీ సర్వర్‌కీ మధ్య వెళ్లే సమాచారాన్ని మధ్యలో ఎవరూ చదవకుండా గజిబిజి చేసే ఏర్పాటు. నిజానికి ఎస్ఎస్ఎల్ అనే పాత పద్ధతి ఎప్పుడో పోయింది, ఇప్పుడున్నది టీఎల్ఎస్. పాత పేరే నోళ్లలో నిలిచిపోయింది. ఇది ఉంటే అడ్రస్ హెచ్‌టీటీపీఎస్ అని మొదలవుతుంది. లేకపోతే 2018 జూలై నుంచి క్రోమ్ బ్రౌజర్ ఆ సైట్ సురక్షితం కాదని చూపిస్తోంది. ఆ హెచ్చరిక చూశాక పచ్చడి ఆర్డర్ పెట్టేదెవరు?

అయితే దీనికి వేలకు వేలు కట్టాలా? మామూలు వ్యాపార సైట్లకు అక్కర్లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2015 చివరి నుంచి ఈ సర్టిఫికెట్లను అందరికీ ఉచితంగా ఇస్తోంది. చాలా హోస్టింగ్ ప్లాన్లలో అది ముందే కలిపి ఉంటుంది. బిల్లులో ఎస్ఎస్ఎల్‌కు విడిగా పెద్ద మొత్తం కనిపిస్తే, అది ఏ రకం సర్టిఫికెట్, ఎందుకు అవసరమో అడగండి. బేరం ఆడాల్సిన లైన్ ఇదే.

ఇక మీరు కస్టమర్‌గా వేరే సైట్లకు వెళ్లినప్పుడు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. తాళం గుర్తు ఉందంటే దారి సురక్షితం అని అర్థం, అవతల కూర్చున్నది మంచివాడని కాదు. దొంగ సైట్లకు కూడా ఈ సర్టిఫికెట్ ఉచితంగానే వస్తుంది. జనం తాళాన్ని చూసి మోసపోతున్నారనే 2023లో క్రోమ్ ఆ గుర్తును అడ్రస్ బార్ నుంచి తీసేసి, వేరే గుర్తు పెట్టింది.

మరి అసలు సైట్‌ను గుర్తుపట్టేదెలా? పేరు చివర చూడాలి. బ్యాంకుల పేరుతో పుట్టుకొస్తున్న నకిలీ సైట్లను అడ్డుకోవడానికి రిజర్వ్ బ్యాంక్ 2025లో ఒక ఏర్పాటు తెచ్చింది. దేశంలోని బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను బ్యాంక్ డాట్ ఇన్ అనే చివరి పేరు కిందకు మార్చుకోవాలని, 2025 అక్టోబర్ 31 గడువుగా ఆదేశించింది. ఈ పేర్లు బయట ఏ రిజిస్ట్రార్ దగ్గరా దొరకవు. ఇచ్చే అధికారం ఒక్క సంస్థకే ఉంది. అది మన హైదరాబాద్‌లోనే ఉన్న ఐడీఆర్‌బీటీ, రిజర్వ్ బ్యాంక్ నెలకొల్పిన పరిశోధన సంస్థ. అంటే బ్యాంక్ డాట్ ఇన్ పేరు పొందాలంటే ముందు బ్యాంకు అయి ఉండాలి. డొమైన్ పేరు గుర్తింపు కార్డుగా మారడమంటే ఇదే.

పేరు చదవడంలో ఒక కిటుకు ఉంది. అడ్రస్‌లో మొదటి గీతకు ముందు, చివర ఉన్న భాగమే అసలు పేరు. అంతకుముందు చుక్క పెట్టి ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు. దాన్ని సబ్‌డొమైన్ అంటారు. ముందు పెద్ద బ్యాంకు పేరు, చుక్క, తర్వాత ఏదో తెలియని పేరు, డాట్ కామ్ అని ఉంటే అది ఆ తెలియనివాళ్ల సైటే. బ్యాంకుది కాదు. మోసపోయామని అనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

"నెలకు లక్ష హిట్లు".. ఆ లెక్కేంటి?

ఎస్ఈఓ అంటే గూగుల్‌లో వెతికినప్పుడు మీ సైట్ పైన కనిపించేలా చేసే పని. పేజీ త్వరగా తెరుచుకోవడం, కస్టమర్ అడిగే ప్రశ్నలకు నిజంగా జవాబు ఉండడం, ఫొటోలకు సరైన పేర్లు, వేరే మంచి సైట్లు మీ గురించి రాయడం.. ఇవన్నీ కలిసిందే. నెలలు పట్టే పని. "మొదటి స్థానం గ్యారంటీ" అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి. అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ స్వయంగా చెబుతోంది. యాడ్‌కు డబ్బు కట్టి పైన కనిపించడం వేరే సంగతి. అక్కడ కట్టడం ఆపిన రోజే కనిపించడం ఆగిపోతుంది. ఇక ఊళ్లో ఉన్న షాపుకు గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే బిజినెస్ ప్రొఫైల్ పూర్తిగా ఉచితం. గుంటూరు పచ్చళ్ల షాపుకు చాలాసార్లు వెబ్‌సైట్ కంటే ముందు కావాల్సింది అదే. అదీ మీ మెయిల్‌తోనే తెరవాలి.

రిపోర్టుల్లో కనిపించే "హిట్లు" అనే మాటకు వ్యాపారం దృష్టిలో విలువ దాదాపు సున్నా. పేజీలో 40 ఫొటోలుంటే, ఒక్క మనిషి ఒక్కసారి తెరిచినా సర్వర్ దాన్ని కనీసం 41 హిట్లుగా రాసుకుంటుంది. పేజీ ఒకటి, ఫొటోలు 40. అలా లెక్కేస్తే 2,500 సార్లు పేజీ తెరిస్తే లక్ష హిట్లు దాటిపోతాయి. ఇంప్రెషన్ అంటే మీ లింకు ఎవరి స్క్రీన్ మీదనో కనిపించింది, వాళ్లు చూశారో లేదో తెలియదు. క్లిక్ అంటే నొక్కారు. విజిటర్ అంటే వచ్చినవాళ్లు. కన్వర్షన్ అంటే వచ్చి మీరు కోరుకున్న పని చేసినవాళ్లు.. ఆర్డర్ పెట్టారు, ఫోన్ చేశారు, వాట్సప్ బటన్ నొక్కారు. రిపోర్టు ఇచ్చినప్పుడు వేలు పెట్టి చూపించమనాల్సింది ఈ చివరి లైన్. అది లేకపోతే మిగతా పేజీలన్నీ రంగురంగుల గ్రాఫులే.

భయపెట్టే మెయిళ్లు, ఇచ్చి తీరాల్సిన కోడ్

డొమైన్ ఉన్నవాళ్లకు ఏదో ఒక రోజు ఇలాంటి మెయిల్ వస్తుంది. "మీ డొమైన్ గడువు ముగుస్తోంది, 24 గంటల్లో కట్టకపోతే రద్దు." చూడటానికి అచ్చం బిల్లులాగే ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో చదివితే అది డొమైన్‌కు కాదు, ఏదో సెర్చ్ ఇంజిన్ లిస్టింగ్‌కు అని ఉంటుంది. లేదా కట్టగానే మీ పేరును వేరే రిజిస్ట్రార్‌కు మార్చేసుకునే ఎత్తు అయి ఉంటుంది. మీ రిజిస్ట్రార్ ఎవరో తెలిస్తే దీనికి జవాబు సులువు. మెయిల్‌లో ఉన్న లింకు జోలికి పోకుండా, సొంతంగా రిజిస్ట్రార్ సైట్‌లోకి లాగిన్ అయి గడువు తేదీ చూసుకోవాలి. ఆ లాగిన్‌కు ఓటీపీ రక్షణ పెట్టుకోవాలి. సాయంత్రం కౌంటర్ కట్టేశాక అకౌంటెంట్ తొందరపడి కట్టేసే బిల్లుల్లో ఇది ఒకటి, కాబట్టి రిజిస్ట్రార్ పేరు ఆయనకూ చెప్పి ఉంచండి.

నిజంగానే రిజిస్ట్రార్‌ను మార్చుకోవాలనుకుంటే అడగాల్సిన మాట ఆథ్ కోడ్. కొందరు ఈపీపీ కోడ్ అంటారు. బండి అమ్మేటప్పుడు ఆర్‌సీ చేతులు మారినట్టు, డొమైన్ ఒక రిజిస్ట్రార్ నుంచి ఇంకో రిజిస్ట్రార్‌కు వెళ్లాలంటే ఈ కోడ్ కావాలి. మార్చే ముందు అకౌంట్‌లో డొమైన్ లాక్ తీయాలి, పని అయ్యాక మళ్లీ వేయాలి. డాట్ కామ్ లాంటి పేర్లకు ఐకాన్ నిబంధన ప్రకారం, రిజిస్ట్రెంట్ అడిగిన 5 రోజుల్లోగా రిజిస్ట్రార్ ఈ కోడ్ ఇవ్వాలి. కొత్తగా తీసుకున్న, లేదా ఈమధ్యే మార్చిన పేరుకైతే 60 రోజులు ఆగాల్సి వస్తుంది. వెబ్ డిజైనర్‌తో బాకీ గొడవ ఉంటే అది వేరేగా తేల్చుకోవాలి. డొమైన్ మీ పేరు మీద ఉంటే కోడ్ అడగడానికి ఆయన అనుమతితో పనిలేదు, మీ లాగిన్ చాలు. ఆయన పేరు మీద ఉంటే ఆ 5 రోజుల హక్కు కూడా ఆయనదే.